ముప్పై ఏడు చెవిరాళ్లు

పెద్దమ్మకు నమస్కరించి రాసేది.

మ్యూజియంలో నా ఉద్యోగం ఖాయమైంది. నా గది మెట్ల కింద, నేలమాళిగలో. ఒక టేబులు, ఒక దీపం, ఒక భూతద్దం, గట్టిగా తన్నితే తప్ప తెరుచుకోని బీరువా. చేరిన వారానికే పెద్ద పని అప్పగించారు. తవ్వకంలో దొరికిన ముప్పై ఏడు చెవిరాళ్లు నా చేతిలో పెట్టి, ఎవరివో తేల్చమన్నారు. వాటి సొంతదారులు ఎప్పుడో పోయారు. ఆ వంశంలో ఒక్కరు కూడా మిగల్లేదని నా నమ్మకం. మా పెద్దసారు మాత్రం ఆ వంశం ఇంకా ఉందని, తొందరపడొద్దని అంటున్నారు. నా మాటే నిజమని రుజువు చేయకపోతే నేను నీ పెంపకం కాదు.

నీ చెల్లెలి కూతురు

తా.క. ఒక్కో రాయి ఎంత నునుపో! సాయంత్రం తిరిగి పెట్టెలో పెట్టడానికి మనసొప్పదు.

---

నా బంగారుతల్లికి దీవెనలు.

నీ ఉత్తరం మార్కెట్లో నలుగురికీ చదివి వినిపించాను. నా ఛాతీ రెండింతలైంది. కానీ తల్లీ, పోయినవాళ్ల నగల మీద మనసు పడకు. నీకు చెవిరాళ్లు లేవనేగా ఈ పాట్లు? నావి పంపుతున్నాను, పెట్టుకో. చేపలు కోసే దానికి చెవులకు మెరుపులెందుకు? ఇక మీ పెద్దసారు సంగతి. వారసులున్నారని అంత గట్టిగా అంటున్నాడంటే, వారసుణ్ణి తనే తయారు చేసి ఉంటాడు. ఓ కన్నేసి ఉంచు.

మీ పెద్దమ్మ

తా.క. నగల కొట్టాయన్ని అడిగాను. ముప్పై ఏడు బేసి సంఖ్యట. అంటే ఒక చెవిది పోయింది. ఆ ఒక్కటీ నువ్వే తీశావని అనకముందే కాగితం మీద రాయించుకో.

---

పెద్దమ్మకు,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవి మనుషులవి కావు, చేపలవి! చేప తలలో, మెదడు కింద, అటొకటి ఇటొకటి రాళ్లుంటాయి. వాటితోనే అది వింటుంది, ఒరిగిపోకుండా ఈదుతుంది. చేప కుళ్లిపోయినా ఆ రాయి మిగులుతుంది. రాయి మీద ఒక గాడి ఉంటుంది. ఏ జాతి గాడి ఆ జాతిదే, మన వేలిముద్రలాగా. నా దగ్గరున్నవి గొరక చేపల బాపతువి. అయితే వీటిలో గాడి తోక కొడవలిలా వంగి అంచుదాకా వెళ్లింది. ఇప్పుడున్న ఏ గొరకలోనూ అలా లేదు. పెద్దసారేమో, చిన్న చేపలో ఒకలా ఉండి పెరిగేకొద్దీ మారుతుందేమో అంటారు. ఆయన నోరు మూయించాలంటే వేలెడు పిల్ల నుంచి ముసలి గొరక దాకా అన్ని సైజుల రాళ్లూ కావాలి. ముప్పై ఏళ్లుగా గొరకలు కోస్తున్న మనిషి ఇంట్లో పెరిగి, నిన్ను అడగాలని ఇప్పటిదాకా తట్టలేదు చూడు!

నీ చెల్లెలి కూతురు

తా.క. నీ రాళ్లు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. పెద్దసారు దగ్గరికొచ్చి, ఇవి ఏ తవ్వకంలోవని అడిగారు.

---

బంగారుతల్లికి,

చేపకు చెవులున్నాయని తెలియక ముప్పై ఏళ్లు వాటి ముందే వాటి ధర మాట్లాడాను. పాపం, అన్నీ విన్నాయి.

నువ్వడిగిన రాళ్లు నాకు తెలియకపోవడమేమిటి? తల నరికినప్పుడల్లా కత్తికి టక్కున తగిలేవి అవే. కత్తి మొద్దుబారుతోందని తిట్టుకుంటూ కాలవలో పారేసేదాన్ని. ఈ పదిహేను రోజులూ ఒక్కటి వదల్లేదు. నూట పన్నెండు తలల రాళ్లు పంపుతున్నాను. కుడిదీ ఎడమదీ కలిపి ఒక్కో పొట్లం, దాని మీద చేప పొడవు: వేలెడు, బెత్తెడు, జానెడు, మూరెడు. అన్నీ నగల కొట్టాయన భూతద్దం కింద పెట్టి చూశాను. పిల్లదైనా ముసలిదైనా గాడి తోక అంచుకు చేరనే లేదు. నీ మాటే నిజం. నేను ముందే చెప్పాను నలుగురికీ, మా పిల్ల మాట తప్పు కాదని.

మీ పెద్దమ్మ

తా.క. నువ్వు చేపల చెవుల డాక్టరువని మార్కెట్లో అనుకుంటున్నారు. నేను కాదనలేదు. పక్క కొట్టు ముసలాయన తన చెవి పోటుకు మందడగమన్నాడు.

---

పెద్దమ్మకు,

పొట్లాలు అందాయి. మూడు రోజులు భూతద్దం మీదనుంచి తల ఎత్తలేదు. నువ్వన్నట్టే ఒక్కదానిలోనూ ఆ వంపు లేదు. వ్యాసం రాసి పట్టుకెళ్లాను. పెద్దసారు పొట్లాలు తిరగేసి, జానెడంటే ఎవరి జానెడు అని అడిగారు. చేపలమ్మే ఆవిడ కొలతల మీద ఒక జాతి పేరు నిలబెట్టలేమన్నారు. నన్నేమన్నా పడేదాన్ని. నిన్నన్నారని ఒళ్లు మండి, ఆవిడ జానెడు మీ స్కేలు కంటే నిక్కచ్చి అనేసి వచ్చాను. ఆయన సంతకం పెట్టకుండా సెలవు మీద వెళ్లిపోయారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఉన్నా ఊడినా ఆ మాట వెనక్కి తీసుకోను.

నీ చెల్లెలి కూతురు

తా.క. నీ జానెడు ఎన్ని సెంటీమీటర్లో ఒకసారి కొలిచి రాయి. నమ్మకం లేక కాదు.

---

బంగారుతల్లికి దీవెనలు.

నా జానెడు ఇరవై ఒకటిన్నర. కొలిచింది నేను కాదు, మీ పెద్దసారు.

సోమవారం నాడు బట్టతలాయన ఒకడు టేపు పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. చేపలు కొనడు, ప్రతి గొరకనూ కొలుస్తాడు. తూకాలు తనిఖీ చేసేవాడనుకున్నాను. ఊరికే నిలబడితే బేరం పోతుంది, తలలు కావాలంటే నువ్వే నరుక్కో అని కత్తి చేతికిచ్చాను. కత్తి పుచ్చుకుని కూర్చున్నాడు. మూడు రోజుల్లో నలభై ఒక్క తలలు నరికాడు. రెండు వేళ్లు కోసుకున్నాడు. కట్టు నేనే కట్టాను. నేను చేపను చేత్తో చూసి పొడవు చెప్పడం, ఆయన టేపు పెట్టి చూడడం. ఒక్కసారి తేడా వచ్చింది, అది టేపు మడతపడి.

బుధవారం నాడు చేతులు కడుక్కుని, తనెవరో చెప్పాడు. నీ ఉద్యోగం నా చేతులతో నేనే తీశాననుకున్నాను. ఆయన మాత్రం, "పొరపాటు నాదమ్మా. మీ అమ్మాయి చెప్పిందే నిజం. ఆ చేప ఇప్పుడెక్కడా లేదు" అన్నాడు. సంచిలోంచి నీ వ్యాసం తీసి, నా బల్ల మీదే సంతకం పెట్టాడు. కాస్త నీచు వాసన వస్తుంది, ఏమనుకోకు.

వెళుతూ వెళుతూ, ఆ చేపకు నువ్వు నా పేరు పెట్టావని చెప్పేశాడు. నాకు చెప్పకుండా దాచావన్న సంగతి ఆయనకు తెలియదు, తిట్టకు. ఎప్పుడో పోయిన చేపకు బతికున్న నా పేరేమిటని మొదట కోపం వచ్చింది. తర్వాత కళ్లు తుడుచుకోబోయి, చేతికి పొలుసులున్నాయని ఊరుకున్నాను. ముప్పై ఏళ్లలో నన్ను "చేపలావిడా" అని తప్ప పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఈ రోజు మార్కెట్టంతా పిలిచింది.

మీ పెద్దమ్మ

తా.క. కొట్టు మీద కొత్త బోర్డు రాయించాను: పైన నా పేరు, కింద "ఈ పేరుగల చేప ఇక్కడ దొరకదు. ఎక్కడా దొరకదు." జనం వరస కట్టి అదే అడుగుతున్నారు.