ఎడమకు వాలిన పేర్లు

నా కంటి చలువ రహఫ్‌కు,

అల్లా నీకు శాంతినీ, కంటి నిండా నిద్రనూ ఇవ్వాలని కోరుతూ మీ అమ్మ రాస్తున్నది. ఇక్కడ మన ఊరు కరక్‌లో మేమంతా ఆయన దయవల్ల బాగున్నాం. మీ నాన్న మోకాలు కూడా బాగుంది, మెట్లెక్కమంటే తప్ప. నువ్వడిగిన ఎండు పెరుగు ముద్దలు, ఈ ఉత్తరం, రెండూ దుబాయి వస్తున్న మీ మేనత్త చేతికిస్తున్నాను.

ఆటల చొక్కాల కోసం నువ్వు గీసిన అరబ్బీ అక్షరాలు, అదే, లావుగా, నున్నగా, ఎడమ పక్కకు వాలి ఉండేవి, వాటి గురించి రాశావు. పక్కనుండే ఇంగ్లీషు అక్షరాలకు జోడీ కుదరాలని, వీటినీ కుడికే వాల్చమని మీ ఆఫీసువాళ్ళు పట్టుబడుతున్నారట. "కాదంటే పని ఇంకొకరికిస్తారు. నెలాఖరులోగా చెప్పాలి. ఏం చేయనమ్మా?" అని అడిగావు.

నాకేం తెలుసు తల్లీ? నమాజు చేసుకుని, నువ్వు పంపిన రెండు రకాలనూ మన చొక్కాల దుకాణానికి పట్టుకెళ్ళాను. మీ నాన్న ఒకే పేరును రెండు చొక్కాల మీద రెండు రకాలుగా అచ్చేశారు. అప్పుడే ఆట ముగించుకుని నిస్రీన్ తను ఆట నేర్పే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుతో వచ్చింది. ఆ పేరుగల పిల్ల లుజైన్ కుడికి వాలినదాన్ని పైనుంచి తొడుక్కుని, వీపు మీది పేరు కనిపించేలా అటు తిరిగింది. ఒకటే నవ్వు.

"ఏమే లుజైన్, నీ పేరు వెనక్కి పడిపోతోందే! ఎవరైనా చొక్కా పట్టి లాగారా?"

"కాదే, బస్సు విసురుగా కదిలింది!"

"నోర్ముయ్యండే!" అంటూ ఆ పిల్ల రెండో చొక్కా వేసుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇది పరిగెడుతోంది పిన్నీ," అంది నిస్రీన్.

కుడి నుంచి ఎడమకు చదివే వాళ్ళం. మనకు ముందు అంటే ఎడమే కదా.

జట్టంతా అవే కావాలంది. శుక్రవారం వాటితోనే ఆడారు. ఓడిపోయారనుకో. కానీ ఎప్పుడూ చొక్కా మీది అంకె చూసి "ఏయ్ తొమ్మిదీ!" అని అరిచే జనం, ఆ రోజు చివరి మెట్టు మీద నుంచి కూడా "లుజైన్!" అని పిలిచారు. నిస్రీన్ తీసిన ఫోటోలు ఇందులో పెట్టాను. మాట పెంచకు, అవి మీ ఆఫీసువాళ్ళ ముందు పెట్టు. అప్పటికీ వాళ్ళకు కనిపించకపోతే, అన్నం పెట్టే తలుపు అల్లాకు అదొక్కటే కాదు.

ఒక మాట ఇందాకటి నుంచి దాస్తున్నాను. మైదానానికి నేనూ వెళ్ళాను. అబాయా మీద చొక్కా కూడా వేసుకున్నాను.

"నీ వీపు మీద ఏం కొట్టమంటావు? ఉమ్ ముతజ్ అనేనా?" అన్నారు మీ నాన్న.

ఊరు నన్ను పిలిచేది అలాగే, ముతజ్ తల్లీ అని. వాడు పుట్టేదాకా నీ పేరుతో పిలిచేవాళ్ళు. కొడుకు పుట్టగానే మానేశారు. అది నాకు పట్టలేదనే అందరూ అనుకున్నారు. పట్టింది రహఫ్.

నేను వేరే పేరు చెప్పాను. మీ నాన్న ఒకసారి నా వంక చూసి అచ్చేశారు. మీ తమ్ముడు మాత్రం "మరి నేనమ్మా?" అని మూతి ముడిచాడు. "నీకు ఊరంతా ఉంది, పోరా," అన్నాను.

ఇట్లు,
నిన్ను కన్న
ఉమ్ రహఫ్