బాగుచేయకుండా ఉంచడానికి లైసెన్సు

ఆయుధ లైసెన్సుల అధికారి గారికి, తుపాకుల మరమ్మతు పనివాడు సమర్పించుకొను అర్జీ.

విషయం: మరమ్మతు లైసెన్సు పునరుద్ధరించకపోవుట, ఒక తుపాకీని సొంతదారుకు అప్పగించకుండా నిలుపుట గురించి.

అయ్యా,

1. తమ కార్యాలయం కోరినవన్నీ సమర్పించాను. మొదటి దరఖాస్తు తమ దగ్గరే పోయింది, మళ్ళీ ఇచ్చాను. షాపుకు ఇనుప తలుపు పెట్టించాను. చేతులు వణకడం లేదని తమ గుమాస్తా ఎదుట నిండు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చుక్క ఒలకలేదు. ఆ నీళ్ళు గుమాస్తా తాగేశాడు.

2. ఇక కావలసింది సత్ప్రవర్తన పత్రం. నన్ను చిరకాలంగా ఎరిగిన, పరపతి గల వ్యక్తి సంతకం చేయాలట. నా ప్రవర్తన తెలిసినవాళ్ళంతా పోయారు. బతికున్నవాళ్ళకు తెలిసింది నా నోరు. మిగిలింది ఒక కాంట్రాక్టరు. రెండేళ్ళుగా నా షాపులో ఉన్న తన తుపాకీ బాగుచేస్తేనే సంతకమన్నాడు.

3. అది పూట పని. చేయలేదు. ఆయన దాన్ని తెచ్చి పడేసిన మర్నాడే ఆయన భార్య వచ్చింది. మా వీధి చివరి దర్జీ కూతురు.

"బాబాయ్, దాన్ని బాగుచెయ్యకండి. మొన్న నా మీద గురిపెట్టి నొక్కాడు. పేలలేదు. అందుకే మీ దగ్గరికొచ్చింది."

అప్పటినుంచి స్ప్రింగు రాలేదంటున్నాను, వచ్చింది సరిపోలేదంటున్నాను. నా వృత్తిలో ఏ తుపాకీ మీదా ఇంత శ్రద్ధ పెట్టలేదు.

4. ఆమె పుట్టింటికి వచ్చేసింది. భర్త లైసెన్సు రద్దు చేయమని తమ కార్యాలయానికీ వచ్చింది. "లైసెన్సుదారు సంతకం లేకుండా అర్జీ ఎలా తీసుకుంటామమ్మా? మీ ఆయన్ని వెంటబెట్టుకు రండి" అన్నాడు గుమాస్తా. నేను అనేక దేశాల విషాద నాటకాలు చదివాను. చంపబోయేవాడి సంతకం తెమ్మని చావబోయేదాన్ని అడిగిన ఘట్టం వాటిలో ఎక్కడా లేదు.

5. నా లైసెన్సు ముగిసిన మర్నాడు, తమ నిబంధనల ప్రకారమే, షాపులోని తుపాకులన్నీ సొంతదార్లకు చేరతాయి. పక్క పట్నంలో ఇంకో పనివాడున్నాడు. అతనికి దర్జీ కూతురెవరో తెలియదు. నిన్న కాంట్రాక్టరు నా గుమ్మంలో నిలబడి నవ్వాడు: "ఏం ముసలాయనా! పుట్టింటికి పోయిన పెళ్ళాంలా నా తుపాకీ నీ దగ్గరే తిష్ఠ వేసిందే! ఫర్లేదులే, రెండింటినీ ఒకేసారి ఇంటికి తెచ్చుకుంటా."

కావున నా లైసెన్సు పొడిగించండి, లేదా ఆమె అర్జీ తీసుకోండి. రెండోది చేస్తే షాపు నేనే మూసుకుంటాను. తమ హయాంలో ఒక్క కాగితమైనా చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎల్లుండి దాకా లైసెన్సు గల
తుపాకుల పనివాడు

తా.క.: ఈ అర్జీకి దారంతో కట్టిన ఇనుప సూది ఆ తుపాకీదే. తూటా వెనుక కొట్టేది ఇదే. అంత పాతరకం సూది ఇప్పుడెక్కడా దొరకదు, కొత్తది చేయాలన్నా ఇదే నమూనా కావాలి. పరాయి తుపాకీలో భాగం తీయడం నేరమని తెలుసు. నన్ను పట్టుకెళ్ళదలిస్తే ఇంట్లోనే ఉంటాను. సూదిని మాత్రం ఆయనకు ఇవ్వకండి. నా మొదటి దరఖాస్తును ఎక్కడ పోగొట్టారో, దీన్నీ అక్కడే పోగొట్టండి.