దులపని గోనె

వైలెట్‌కి, ట్రిస్టాన్ దీవి నుంచి ఆంబ్రోస్ రాస్తున్నది. ఇక్కడ మనుషులూ గొర్రెలూ అంతా బాగానే ఉన్నాం. కేప్‌టౌన్ ఆసుపత్రిలో నీ కంటి కట్టు విప్పారని ఓడవాళ్లు చెప్పారు. అంటే ఈ ఉత్తరం నువ్వే చదువుకోగలవు. నర్సు చేత చదివించకు.

అడిగావు కదా, బంగాళాదుంపలు తవ్వేశాం. ఈసారి సగం ఎలుకల పాలే. నీ కోడిపెట్టలు గుడ్లు మానేసి నామీద అలిగి కూర్చున్నాయి.

ఇక నీ తమ్ముడి సంగతి. "నైటింగేల్ దీవికి ఎలుకను మోసుకెళ్లిన వెధవ నా తమ్ముడే కాడని సెడ్రిక్‌తో చెప్పు" అని రాశావు. చెప్పలేదు. ఎందుకో చదువు.

ఏటా పెట్టే ఎలుకల వేట పోటీ రోజు పొద్దున్నే దుంపల మళ్ల రాతిగోడలు పీకాం. ఎలుకలు బిలబిలమంటూ బయటపడ్డాయి. కుక్కలు కరిచి విదిలిస్తుంటే మేం కర్రలతో చితక్కొట్టాం. రాళ్లన్నీ నెత్తురే. నేనొకదాన్ని కొట్టాను, తోక జానెడు పైమాటే! పొడుగు తోక బహుమతి మా జట్టుదే అనుకుంటూ గోనెలో వేసుకున్నాను.

"తోక కోసి దాచుకో బావా," అన్నాడు సెడ్రిక్.

"కోస్తే నువ్వు కొట్టేద్దామనా? పోరా!"

అంతలో సముద్రం నెమ్మదించింది. కొవ్వుపట్టిన పక్షిపిల్లల కోసం నైటింగేల్‌కి పడవ తీయమన్నాడు దీవి పెద్ద. రేవులో ప్రతి గోనె తలకిందులు చేసి దులపాలని నీకు తెలిసిందే. నైటింగేల్‌లో ఒక్క ఎలుకా లేదు కాబట్టే లక్షల పక్షులు నేలబొరియల్లో పిల్లల్ని పెంచుకుంటున్నాయి. హడావిడిలో ఆ చచ్చిన ఎలుక మాటే మరిచి, పైన బట్టలు కుక్కి, "నాది దులిపేశా!" అని అరిచాను.

నైటింగేల్‌లో గుడిసె ముందు సెడ్రిక్ నా గోనె మూతి విప్పాడు. చచ్చిందనుకున్నది వాడి చెయ్యి కొరికి, విరిగిన కాలు ఈడ్చుకుంటూ గడ్డిలో పడి ఒక బొరియలో దూరింది.

మూడు రోజులు, నలుగురం, పారలతో తవ్వాం. పార దిగినచోటల్లా పక్షిపిల్లలు రెండు ముక్కలయ్యాయి. తల్లులు ముక్కులతో మా చేతులు చీల్చాయి. తినడానికి చంపడం చిన్నప్పటినుంచీ చేస్తున్నదే. వందలకొద్దీ ఊరికే చంపి కుప్పపోయడం నావల్ల కాలేదు, మధ్యలో పార పారేసి కూర్చున్నాను. మూడోనాడు సెడ్రిక్ దాన్ని పట్టి బండకేసి బాదాడు. పొట్ట పగిలితే లోపల తొమ్మిది పిల్లలు. ఇంకో రెండు రోజులు పోతే ఈనేసేది, ఆ దీవి పని అయిపోయేది.

"ఎవడిదిరా గోనె?" అన్నాడు పెద్ద, మేం తిరిగొచ్చాక.

నేను పడవ తాడు ముడి వేస్తున్నట్టు వంగాను.

"నాదే," అన్నాడు సెడ్రిక్. ఇక జన్మలో పడవెక్కొద్దన్నారు వాణ్ణి.

పక్కకు లాగి, "నీకేం పోయేకాలంరా?" అన్నాను.

"ఓడ రేవుదాకా రాదు కదా, కింద పడవలో చుక్కాని నువ్వు పట్టకపోతే అక్క ఓడ నిచ్చెన దిగదు బావా. నిన్ను తప్ప ఎవర్నీ నమ్మదు."

రెండు నెలలు ఆ మాట చాటున దాక్కున్నాను. సిగ్గులేనివాణ్ణి, వైలెట్. ఇవాళ పొద్దున వెళ్లి పెద్దకు నిజం చెప్పాను. నన్ను పడవ దించేశారు, వాణ్ణి ఎక్కించారు.

నువ్వొచ్చేనాడు ఓడ నిచ్చెన కింద, చుక్కాని దగ్గర వాడే ఉంటాడు. వాడికీ చేతనవును, భయపడకుండా దిగు. ముందు వాడితో మాట్లాడు. నేను రేవులో నిలబడి ఉంటాను. నాతో మాట్లాడాలో వద్దో ఒడ్డు చేరేలోపు ఆలోచించుకో.

ఇట్లు,
నీ మొగుడు
ఆంబ్రోస్