ఛాంబరు నోట్లో గుడ్డ

మహారాజశ్రీ బావగారి దివ్య సముఖమునకు,

తమరి బావమరిది చేసుకొను క్షమాపణ ఏమనగా: తమరి పెరటి షెడ్డును అపవిత్రం చేసినందుకు, అక్క కొత్త దిండు గలేబుతో గ్రీజు తుడిచినందుకు, నాలుగేళ్లు ఇంజినీరింగు వెలగబెట్టి కూడా పానా ఎటు తిప్పితే బిగుస్తుందో అక్కనే అడిగినందుకు, ఇకపై చేయబోయే సమస్త నేరాలకు ముందస్తుగా, క్షంతవ్యుణ్ణి.

ఇక విషయం. వంతెన పనికి వెళ్తూ నువ్వు అయిదు ట్రేలలో విప్పి పెట్టిన మీ నాన్నగారి మోటారు సైకిలు ఇంజను మళ్లీ ఒక్కటైంది. నీ చీటీ ప్రకారమే, ముందు క్రాంకు, దానికి పిస్టను, పైన బోరు, హెడ్డు. పిస్టను పిన్ను పక్కకి జారకుండా పట్టుకునే తీగ లాకులు రెండుంటాయి చూడు, వేలిగోరంత, అందులో ఒకటి పెడుతుంటే టింగుమని ఎగిరింది. బల్ల కింద ఎక్కడో తపస్సు చేసుకుంటోంది. డబ్బాలోంచి కొత్తది తీసి వేశాను.

మూడో కిక్కుకి పెద్దాయన దగ్గుతూ లేచాడు. (బండికి అక్క పెట్టిన పేరులే.) అక్క గరిటెతోనే బయటికొచ్చి కళ్లు తుడుచుకుంది. పొగ వల్లట.

ఇట్లు,
తమరి ఆస్థాన ఇంజినీరు


ఒరేయ్ ఇంజినీరూ,

నీ ఉత్తరం ఇక్కడ వెల్డర్లందరికీ చదివి వినిపించాను. నాన్న పోయిన పదకొండేళ్లలో ఆ చప్పుడు నేను వినలేదు. నాకంటే ముందు నువ్వు విన్నావని కాస్త కుళ్లుగా ఉంది.

ఒక్కటి చెప్పు. లాకు పెట్టేటప్పుడు, కింద క్రాంకు తిరిగే ఛాంబరు నోట్లో గుడ్డ కుక్కావు కదా? చీటీలో కింద రెండు గీతలు గీసి మరీ రాశాను. ఎగిరిన లాకు లోపల పడిందంటే కొన్నాళ్లు నూనె అడుగున ఊరుకుంటుంది. ఏదో ఒక రోజు క్రాంకు కింద ఇరుక్కుని ఇంజను ఉన్నపళంగా పట్టేస్తుంది. వెనక చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు.

పధ్నాలుగున మధ్యాహ్నం రైలుకి దిగుతున్నా. మీ అక్కని పెద్దాయన మీద ఘాట్ రోడ్డు దిగి స్టేషనుకి రమ్మను. నడపడం నాకంటే ఆమెకే బాగా వచ్చు. వెనక కూర్చుని ఇంటికొస్తా.

మీ బావ


బావగారికి సాష్టాంగ నమస్కారాలు.

గుడ్డ గురించి అడిగారు. మన షెడ్డులో గుడ్డలకు లోటు లేదు. నూలువి ఉన్నాయి, చిరిగినవి ఉన్నాయి, నీ పాత లుంగీ ఒకటి అత్యంత విషాదకర స్థితిలో ఉంది. కాబట్టి ఆ విషయంలో తమరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఆదివారం అక్క పెద్దాయన మీద నాలుగు వీధులు చుట్టొచ్చింది. చెప్పుల్లేకుండా నేను వెనకాలే పరిగెత్తాను. ఎవరు ఎవర్ని తరుముతున్నారని పక్కింటి టైలరు అడిగాడు. ఒంటికి మంచిదని చెప్పాను. షెడ్డు నేలంతా అయస్కాంతంతో మూడుసార్లు గాలించాను, కేవలం శుభ్రత కోసం.

ఘాట్ రోడ్డు గురించి నాదొక మనవి. మలుపులు పందొమ్మిది, వెళ్లి లెక్కపెట్టాను. అక్కకి నడుం నొప్పి కూడా. ఆ సంగతి ఆమెకింకా తెలియదు. బస్సు హాయి కదా బావా. నిన్న చెంచా పళ్లేనికి తగిలి టింగుమంటే నాకు ముద్ద దిగలేదు.

ఇట్లు,
ఆస్థాన ఇంజినీరు


ఒరేయ్,

మీ అక్క కూడా రాసింది. నువ్వు సరిగా తినడం లేదట. ఆమె తాళం చెవి తీస్తే చాలు, షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడుతున్నావట. దేనికిరా భయం?

మెకానిక్కుకి ఇస్తే తొందరలో ఏదో ఒకటి బిగించి పారేస్తాడు. నువ్వు వెకిలి వేషాలేసినా చీటీ అక్షరం వదలకుండా చదువుతావని నీకిచ్చాను. నువ్వు బిగించావు కాబట్టే మీ అక్కని దాని మీద రమ్మన్నాను. గుడ్డ సంగతి ఇంక అడగను.

మీ బావ


బావా,

ఈ ఉత్తరం అక్క చేతికిచ్చి పంపిస్తున్నాను. ఆమె బస్సులో వస్తోంది, నా మీద మండిపడుతూ. బస్సుకి ఇంకా అరగంట ఉంది.

నిన్న నీ ఉత్తరం అందగానే షెడ్డు తలుపేసుకుని, బండికి రంగు ఆరుతోందని అక్కకి చెప్పాను. ఈ పొద్దున ఆమె హెల్మెట్టు పెట్టుకుని తలుపు తోసింది. పెద్దాయన అయిదు ట్రేలలో ఉన్నాడు, నేను నేలమీద నూనెలో ఉన్నాను.

"ఏం చేశావురా?" అంది.

"ఆయనకి స్నానం" అన్నాను.

నవ్వలేదు. "ఈ రోజు కోసం మీ బావ ఎన్నాళ్లుగా చూస్తున్నాడో నీకు తెలుసు" అని హెల్మెట్టు తీసి మేకుకి తగిలించింది.

కవర్లో గట్టిగా తగిలేదాన్ని తీసి చూడు. ఛాంబరు అడుగున దొరికింది. ఒక పక్క నలిగి ఉంది చూశావా, క్రాంకు దాన్ని ఒకసారి కొరికి వదిలేసింది. అక్క వీధులు చుట్టిన రోజే అయ్యుండాలి. నేను వెనక పరిగెత్తుతూనే ఉన్నాను.

గలేబు కొత్తది కాదు, పాతదే. పానా ఎటు తిప్పాలో నాకు ముందే తెలుసు. మొదటి ఉత్తరంలో చెప్పిన క్షమాపణలన్నీ ఉత్తుత్తివే. నేను చేసింది ఒక్కటే. గుడ్డ కుక్కకపోవడం కాదు, అది మరుపు అనుకో. లాకు ఎగిరి బల్ల కింద పడలేదు బావా. లోపల ఇనుము మీద పడిన చప్పుడు విన్నాను. మళ్లీ మొదటినుంచీ విప్పాలి కదా అని ఛాంబరు నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. అప్పుడే అక్క గుమ్మంలోంచి, అయిపోయిందా అని అడిగింది.

అయిపోయిందన్నాను.

నీ బావమరిది