పన్నెండో మెట్టు

హిందూపురం,
3-2-1981

ప్రియమైన హసీనాకు,

ప్రియమైన అని రాయడానికి మనసొప్పలేదు. చేతి అలవాటు కొద్దీ రాసేశాను.

మొన్న ఆదివారం పెనుకొండ కొండ మీద పొద్దుగూకేదాకా ఒక్కదాన్నే కూచున్నాను. ముందొచ్చినవాళ్ళు పైకెక్కి కూచోవాలి, వెనకొచ్చినవాళ్ళు ఎక్కి రావాలి అని పన్నెండేళ్ళప్పుడు మనం పెట్టుకున్న నియమం నీకు గుర్తుందో లేదో. నువ్వు ధర్మవరం కోడలివయ్యావు, నేనిక్కడ టీచరునయ్యాను. అయినా ఏడేళ్ళుగా ఫిబ్రవరి మొదటి ఆదివారం మన పుట్టినూరి కొండ తప్పలేదు. దూరం నుంచే కనబడాలని మీ ఆయన నూరుల్లా అన్న రంగేసిన పసుపు పట్టుచీర కట్టుకుని మరీ పోయాను. నీకోసం తెచ్చిన చిత్రాన్నం కోతులకు పెట్టి దిగాను.

కారణం రాయి. రాయకపోతే మన స్నేహం ఇంతే అనుకుంటాను.

అలిగి కూచున్న,
నీలావతి


ధర్మవరం,
20-2-1981

నా అలకల నీలూకు,

తప్పు నాదే. పెళ్ళిళ్ళ చీరలకు రంగేయమని పట్టు కుప్పలుగా వచ్చి పడింది, కదలలేకపోయాను. మన్నించు.

కొండ మాత్రం రోజూ కలలోకొస్తోంది. ఆ కొండకు మెట్లే ఉండవు. మబ్బు మీద నడిచినట్టు తేలిపోతుంటాను. ఊపిరి పీల్చుకోవాలన్న సంగతే గుర్తుండదు. మెలకువ రాకుంటే బాగుండుననిపిస్తుంది.

ఇక్కడ ఒక వింత. బానలోంచి తీసిన పట్టును చన్నీళ్ళలో జాడించడం నా పని కదా. జాడించేసరికి వేళ్ళ కొనలు తెల్లబడి, తర్వాత నీలమైపోతున్నాయి. సబ్బుతో రుద్దినా వదలదు. మా ఆయనకు ఒకటే నవ్వు. "ఏమే, ఈ నీలం యా బానలో దొరికింది నీకు? పదేండ్లుగా కలుపుతాండా, నాకు కుదరనే లేదు!" అంటాడు.

వేళ్ళు బిగుసుకుపోయి అక్షరాలు వంకర పోతున్నాయి. టీచరమ్మవు కదాని ఎర్రసిరాతో దిద్దేవు.

నీ,
హసీనాబీ


హిందూపురం,
2-3-1981

ప్రియమైన హసీనా,

ఈసారి మనస్ఫూర్తిగానే రాశాను, సంతోషమా?

పట్టు వచ్చిందన్నావు, నమ్మాను. కానీ శిక్ష తప్పదు. నీ వేళ్ళకు అంటిన నీలమేదో, సరిగ్గా అదే రంగులో నాకొక చీర వేయించు. నా పేరుకు తగ్గట్టు ఉంటుంది. వచ్చే ఏడు కొండ మీదికి అదే కట్టుకొస్తాను. అన్నను రంగు బాగా చూసుకోమను.

నీ అక్షరాలు నిజంగానే మా ఒకటో తరగతి పిల్లల రాతలా ఉన్నాయి. కాస్త విశ్రాంతి తీసుకో.

నీ,
నీలూ


ధర్మవరం,
6-4-1981

నీలూకు,

నీ చీర ఇంకా కాలేదు. మా ఆయన నా వేళ్ళు పక్కన పెట్టుకుని రంగు కలుపుతాడు, కుదరడంలేదని పారబోస్తాడు. పైగా నెలరోజులుగా ఇంట్లో ఎరుపు తప్ప ఇంకో రంగు ముంచలేదు. అందరి చేతులూ గోరింటాకు పెట్టినట్టున్నాయి. నా వేళ్ళు మాత్రం ఉదయాన చన్నీళ్ళు తగిలితే చాలు, నీలమే. మొండి రంగు!

బావి నుంచి బిందె తేవడానికి రెండుసార్లు ఆగుతున్నాను. పాదాలు కాస్త వాచాయి. డాక్టరు చేతికి పట్టీ కట్టి బీపీ చూసి, బాగుందన్నాడు. నువ్వు కంగారుపడొద్దు.

హసీనా


హిందూపురం,
9-4-1981

హసీనా,

చీర వద్దు. ఎరుపు ముంచిన చేతికి నీలం ఎక్కడినుంచి వస్తుందే పిచ్చిదానా? అది రంగు కాదు.

సెలవు పెట్టాను. శనివారం వస్తున్నాను. నిన్ను బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతాను. అన్నను సిద్ధంగా ఉండమను.

నీలావతి


ధర్మవరం,
23-4-1981

నా ప్రాణమైన నీలూకు,

పరీక్షల ఫలితాలు రాకముందే నీ సెలవు అయిపోయింది. అందుకే ఈ ఉత్తరం. రెండు రోజులుగా కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

డాక్టరమ్మ నన్ను పక్కన కూచోబెట్టుకుని చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే సొంత ఇంటి మీద పడ్డారట. అందుకే చర్మం బిగుసుకుందట. వేళ్ళలోని సన్న రక్తనాళాలు మూసుకుపోతున్నాయి, ఆ నీలం అదేనట. ఊపిరితిత్తుల్లోనూ ఇదే జరుగుతోందట. అక్కడ రక్తపోటు పెరిగి, దానికెదురుగా నెట్టలేక గుండె అలిసిపోతోందట.

"మా ఊర్లో బీపీ బాగుండాదన్నారే?" అని అడిగాను. "చేతికి కట్టే పట్టీకి ఊపిరితిత్తుల సంగతి తెలియదమ్మా" అంది.

మాత్రలిచ్చింది. చన్నీళ్ళు ముట్టుకోవద్దు, కొండలెక్కవద్దు అంది. తగ్గుతుంది గాని పూర్తిగా పోదట. ఎన్నాళ్ళని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంటికి రాగానే మా ఆయన నీలం బాన కడిగి బోర్లించేశాడు. "ఇన్నినాళ్ళూ నవ్వినా కదే" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు జాడించే పని తనే చేస్తున్నాడు.

ఇక నా అబద్ధం. ఫిబ్రవరిలో పట్టూ లేదు, పనీ లేదు. నేనొచ్చాను నీలూ. పన్నెండు మెట్లెక్కాను. పదమూడోది నా వల్ల కాలేదు. పైన నీ పసుపు చీర కనబడింది. పిలిచాను, గొంతు దాటి గాలి రాలేదు. పొద్దుగూకేదాకా అక్కడే కూచుని నిన్నే చూశాను. నువ్వు దిగుతుంటే బండ చాటుకు తప్పుకున్నాను. ముప్పై ఏళ్ళకే ముసలిదాన్నయ్యానని సిగ్గేసింది. నన్ను తిట్టుకుంటూ నా పక్కనుంచే పోయావు. ఆ తిట్లు వింటుంటే ఎంత హాయిగా ఉండిందో.

వచ్చే ఫిబ్రవరికి నేనుంటాను. ఈసారి నేనే ముందొస్తాను. మన నియమం ఒక్కటి మార్చుకుందాం. ముందొచ్చినవాళ్ళు పన్నెండో మెట్టు మీద కూచోవాలి. అక్కడినుంచి ఎవరూ పైకి పోకూడదు.

ఆ పసుపు చీరే కట్టుకో. చిత్రాన్నం కోతులకు పెట్టొద్దు.

నీ,
హసీనా