తిరగబడిన పడవ కింద బోణీ

గోపాలపట్నం.

అప్ప పాదాలకు తమ్ముడు అప్పలసూరి దణ్ణాలు పెట్టి రాయునది. మేమిక్కడ దివ్యంగా ఉన్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? నా గురించి బెంగ వద్దు. ఉక్కపోత తప్ప నాకే లోటూ లేదు. మొదట్లో పలకరించే దిక్కులేక ఏడుపొచ్చేది, ఇప్పుడు మాట్లాడి మాట్లాడి నోరు నొప్పెడుతోంది. ఎందుకో చెబుతాను, కుదురుగా కూర్చుని చదివించుకో.

మన సుజాత బిల్డింగులకు ప్లాన్లు గీస్తుంది కదా. ఇంజినీరంటే కోప్పడుతుంది, ఆర్కిటెక్టు అనాలట. ఇన్నాళ్లూ ద్వారకా నగర్ ఆఫీసులో పెద్దసారు పేరు మీద గీసింది. మొట్టమొదటిసారి తన పేరు మీద జాలరిపేటలో చేపల బజారు కట్టించింది. ఏమని చెప్పను అప్పా! గోడల్లేవు, రంగుల్లేవు, ఒక్క పువ్వూ లతా లేవు. ఉత్త సిమెంటు. పైకప్పు మాత్రం పడవని బోర్లించినట్టుంటుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

తెరిచిన రోజున చేపలమ్మే ఆడవాళ్లు ఒక్కరూ లోపలికి రాలేదు. ఎప్పట్లాగే రోడ్డు పక్కన ఎండలో కూర్చున్నారు. వాళ్లలో పెద్దది ఎర్రయ్యమ్మ మొహం మీదే అడిగేసింది.

"ఏటమ్మా, మా మొగోళ్లు గంగమ్మ మీద ఏటకెల్తే, తిరగబడిన పడవ కింద మమ్మల్ని కూకోమంతావా? మీ నాన్నని కూకోబెట్టు!"

అందరూ ఒకటే నవ్వు. వీళ్లు రాకపోతే ఆఫీసర్లు దాన్ని స్కూటర్లు పెట్టుకోడానికి ఇచ్చేస్తారట. "పడవంటే వాళ్లకి ఇష్టమనుకున్నాను నాన్నా, ఇంక నాకెవరిస్తారు పని?" అని సుజాత అన్నం ముట్టలేదు.

నాకు పౌరుషమొచ్చింది. మర్నాడు పొద్దున్నే సంచీతో వెళ్లి, లోపల అరుగు మీద కూర్చుని కేకేశాను. "ఎర్రయ్యమ్మా, బోణీ బేరం! వంజరం ఇక్కడికి తెస్తేనే కొంటాను."

"నువ్వే ఇటు రా మామా."

"నా మోకాళ్లు పనిచెయ్యవు." (నీవే అరువు తెచ్చుకున్నాను, ఏమనుకోకు.)

"అయితే ఎల్లిపో!"

"పోనా? తొలి బేరాన్ని ఒట్టి చేతులతో పంపేస్తావా?"

బోణీ బేరం తిప్పి పంపితే ఆ రోజు ఇంకో బేరం తగలదని ఎవరికి భయముండదు? నేను లేవబోయేసరికి గంప ఎత్తుకుని తిట్టుకుంటూ వచ్చేసింది. "ముసిలోడా, నీ సెయ్యి మంచిది కాకపోతే సూడు!"

మధ్యాహ్నం కాకముందే ఆమె గంప ఖాళీ! మర్నాడు మరో ఇద్దరొచ్చారు. ఇప్పుడు అరుగు మీద చోటు కోసం జుట్లు పట్టుకుంటున్నారు. "బాగుసేసినప్పుడూ పడవని బోర్లిత్తారు, తెలీదేటి మీకు?" అని ఎర్రయ్యమ్మే అందరికీ చెబుతోంది. ఆ పోట్లాట చూసి సుజాత ఏడుస్తూ నవ్వింది.

ఒకటే చిక్కు. రోజూ బోణీ నేనే చెయ్యాలట. శనివారం నీచు ముట్టనంటే, "తినొద్దు మామా, కొను సాలు" అంటున్నారు. మా పక్కింటి పిల్లి కూడా మొహం తిప్పుకుంటోంది. అందుకే ఈసారి నాట్లకు రాలేను. ఎలాగూ నా చెయ్యి అచ్చిరాదని ఆనప విత్తు కూడా నా చేత వేయించేదానివి కాదు కదా! జాలరిపేట మొత్తం ఇప్పుడా చెయ్యి కోసమే ఎదురుచూస్తోంది అప్పా. ఈ ముక్క రెండుసార్లు చదివించుకో. బావ కూడా వినాలి.

మనూరి బస్సు డ్రైవరు చేత ఎండుచేపలు పంపుతున్నాను. నువ్వు కాస్త చింతపండు పంపు. పెద్దలకు దణ్ణాలు, పిల్లలకు ముద్దులు. నీ మేనకోడల్ని దీవించు. నా చేతిని కూడా.

నీ తమ్ముడు
అప్పలసూరి