ఒక్క ఏడాదే కదా

సూరత్, బమ్రోలి,
జూన్ 12, 2025

చిరంజీవి సుభాషిణికి నీ మేనత్త పద్మారాణి దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అక్కడ మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే మీ అమ్మ నీకు ఇవ్వడం లేదు. అందుకే మన ఊరికి వస్తున్న రాజనర్సు చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను.

ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యావట, కరీంనగర్ డిగ్రీ కాలేజీలో సీటు కూడా వచ్చిందట. మన ఇంటావంటా లేని ముచ్చట. మా గల్లీ అంతా పేడాలు పంచాను. మా రుచిత కూడా ఈ ఏడే పన్నెండో తరగతి గట్టెక్కింది గానీ, నీ తెలివి దానికి లేదని మీ మామయ్య దాని ముందే అన్నాడు.

అయితే బిడ్డా, ఈ ఏడు ఆగు. వచ్చే ఏడు చేరుదువు. ఒక్క ఏడాదే కదా. ఎక్కడికైనా పోవడానికి కాలేజీకి కాళ్లున్నాయా? పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు.

పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చి, మాతో కూర్చుని చీరలకు రాళ్లు అతికించావు గుర్తుందా? ఒక్క రాయి వంకర పోలేదు, ఎక్కడా జిగురు మరక లేదు. ఇది ఎవరి చెయ్యి అని మాకు పనిచ్చే సేటు అడిగాడు. అప్పటి నుంచి అతనికి ఆ చేతిపనే కావాలి. ఇప్పుడు పెళ్లి చీరలు వచ్చిపడుతున్నాయి, నా కళ్లు మసకబారాయి. అంత బాగా చెయ్యమని నీకెవరూ చెప్పలేదు. అది నీ గుణం.

మీ అమ్మ ఫోన్లో, "వదినె, పిల్ల సదువుకుంటనని అన్నం ముడ్తలేదు, జర దయ సూడుండ్రి" అన్నది. ఆకలైతే అదే తింటుందిలే అన్నాను. మీ నాన్న మాత్రం "అక్క ఎట్లంటే గట్లనే" అన్నాడు. తమ్ముడంటే అట్లా ఉండాలి.

రాజనర్సు ఆదివారం తిరుగు రైలెక్కుతాడు, అతనితో వచ్చెయ్. పుస్తకాలు తేకు, ఇంట్లో జిగురు చింది పాడవుతాయి. కాలేజీకని మీ అమ్మ కొన్న నీలం బ్యాగులో బట్టలు సర్దుకో. స్టేషనుకు మామయ్య వస్తాడు. నీకిష్టమని సర్వపిండి చేసి ఉంచుతాను.

ఇట్లు,
నిన్ను కన్నబిడ్డలా చూసుకునే
పద్మారాణి అత్త

తా.క.: వచ్చాక తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటావని ముందే రాస్తున్నాను. రుచిత సోమవారం నుంచి కాలేజీకి పోతున్నది. ఈ ఏడు ఆగి రాళ్ల పనిలో సాయం చెయ్యమని నేను అడిగితే మీ మామయ్య ఒప్పుకోలేదు. ఆలస్యం అమృతం విషం, ఒక్క ఏడాది ఆగిన ఆడపిల్లకు మళ్లీ చదువు అందదు అన్నాడు. నిజమే అనిపించింది. పనికి రుచిత కూర్చునే చోటే నీకు ఖాళీ చేసి పెట్టాను. ఆ బ్యాగు మీద నీ పేరు రాసుకుని ఉంటే తుడిచి తీసుకురా. రుచితకు ఇంకా కొనలేదు.